నాన్న నవ్వు

నాన్న నవ్వుతూ పోయాడని ఊరంతా చెప్పుకునేది. ఆ నవ్వు మీద పోలినాయుడికి ఇరవై ఏళ్లుగా అనుమానం. నాన్న పెదాలు నవ్వుతుంటే కళ్లు ఏడవడం అతను చూశాడు. పెద్దలంతా దండాలు పెడుతుంటే పన్నెండేళ్ల పిల్లాడు ఏం చెబుతాడు? ఆ మాట నాన్నకు బాకీ పడిపోయాడు.

తుఫాను వెళ్లి పదిహేను రోజులైనా ఊరికి కరెంటు రాలేదు. నాగులచవితి నాటి చీకట్లో అక్క గౌరమ్మ కబురు పెడితే పోలినాయుడు పరుగున వెళ్లాడు. బావ తవిటయ్య నులకమంచం మీద వెల్లకిలా పడుకుని, దీపం వెలుగులో నవ్వుతున్నాడు.

"పొద్దున్నుంచీ ఇలాగే నవ్వుతన్నాడ్రా. ముద్ద నోట్లోకెల్లట్లేదు," అంది గౌరమ్మ.

"నాగన్న కనిపించుంటాడే. అందరికీ దొరుకుతాదేటి ఆ బాగ్గెం?" అంటూ పక్కింటి అసిరమ్మ చేతులు జోడించింది.

పోలినాయుడు దీపం కిందికి దించాడు. పడిపోయిన కొబ్బరిచెట్టు నరుకుతుంటే తెగిన బావ మడమ మీద పుట్టమన్ను ఎండి ఉంది. అప్పట్లో నాన్న కాలి గాయానికీ మందని అదే పూశారు. పొద్దున తనూ దండం పెట్టి చెవులకు రాసుకున్న మన్నే.

వీధిలో టపాకాయ పేలింది. బావ నడుం విల్లులా పైకి లేచింది. మంచం కిర్రుమంది. నవ్వు మాత్రం కదల్లేదు. కంటి కొసనుంచి నీళ్లు చెవిలోకి జారాయి.

"నవ్వు కాదప్పా అది, ధనుర్వాతం. ఆటోకి కబురెట్టు. నాన్నదీ నవ్వు కాదు!" అన్నాడు అక్కతో.

గౌరమ్మ బయటికి పరుగెత్తింది. తెరిచిన తలుపులోంచి, వీధిలో ఎవరో మరో టపాకాయ ఒత్తి ముట్టించడం కనిపించింది. పోలినాయుడు బావ చెవులు రెండూ అరచేతులతో గట్టిగా మూశాడు.