పక్వానికి రాని విశ్వాసం

బొంబాయి రోడ్డు మీద లారీ డ్రైవరు హారన్ కొట్టీ కొట్టీ అలసిపోయాడు. పంక్చర్ షాపు తలుపు మాత్రం తెరుచుకోలేదు.

"ఇయ్యాల ప్రభువు దినం. సోమారం పొద్దుగాల రాపో," అన్నాడు నర్సప్ప, షాపు వెనకే ఉన్న ఇంటి అరుగు మీంచి కదలకుండా.

డ్రైవరు నానా తిట్లూ తిట్టాడు. నర్సప్ప చిరునవ్వు నవ్వాడు. జహీరాబాద్ మొత్తంలో ఆదివారాన్ని ఆచరించడం తెలిసినవాడు తానొక్కడేనని ఆయన నమ్మకం. ఆ రోజు పానా ముట్టడు. గడ్డం గీసుకోడు. అగ్గిపుల్ల కూడా గీయడు. విశ్వాసి అన్నవాడు ఆదివారం నాడు గడ్డిపోచ తీసి పక్కన పెట్టినా పాపమే అంటాడు. బజారులో ఆయన్ను అందరూ 'సోమారం నర్సప్ప' అని పిలుస్తారు. ఆ పేరంటే ఆయనకు గర్వం కూడా.

ఆయన భార్య బస్వమ్మకు మాత్రం ఇంకా బాప్తిస్మం కాలేదు. ప్రతి ఈస్టరుకీ అడుగుతుంది. ప్రతిసారీ ఆయనది ఒకటే మాట.

"నీ విశ్వాసం ఇంకా పక్వం కాలె."

మొదట బొట్టు అడ్డం వచ్చింది. తీసేసింది. మొగుడుండగా బోడి ముఖమేమిటని నల్లా దగ్గర ఆడవాళ్లు బుగ్గలు నొక్కుకున్నారు. మరుసటి ఏడు బోనాలు అడ్డం వచ్చాయి. పక్కింటి యాదమ్మ తెచ్చిన నైవేద్యం వద్దంది. యాదమ్మ మాట్లాడడం మానేసింది. ఆపై ఏడు అన్న కొడుక్కి ఝరాసంగం గుడిలో పుట్టువెంట్రుకలు తీయించారు. బస్వమ్మ పోలేదు. "మాకు చెల్లె లేదనుకుంటం" అని అన్న కబురు పంపాడు. అలా పుట్టిల్లు కూడా పోయింది. నర్సప్ప చూపుకి ఆమె విశ్వాసం పచ్చిగానే ఉంది.

బస్వమ్మ అడిగేది పెద్ద కోరికేం కాదు. జ్వరంతో పోయిన ఆమె బిడ్డ చర్చి వెనక సమాధుల తోటలో ఉంది. పసిదానికి పుట్టిన కొత్తలోనే బాప్తిస్మం ఇప్పించారు. బాప్తిస్మం లేనివాళ్లకు ఆ తోటలో చోటివ్వరు. చచ్చాకైనా బిడ్డ పక్కన పడుకోవాలని ఆమె ఆశ. ఆ చోటు దొరకదేమోనన్న తలపొస్తే చాలు, ఆమెకు ముద్ద దిగేది కాదు.

ఎమర్జెన్సీ ఎత్తేసిన ఏడు బస్వమ్మ ఇక మొగుణ్ని అడగలేదు. ఈస్టరు ముందటి ఆదివారం నేరుగా పాస్టరయ్యనే భోజనానికి పిలిచింది.

ఆ రోజు కోడికూతకే లేచింది. బర్రెల కింద ఊడ్చి, పాలు పిండి, కేంద్రంలో పోసి వచ్చింది. నీళ్లు మోసింది. కోడిని కోసి మసాలా నూరింది. చర్చికి చేరేసరికి ఆఖరి పాట పాడుతున్నారు. మళ్లీ పరుగున వచ్చి పొయ్యి ముట్టించింది. నర్సప్ప ఆమె ఇచ్చిన చాయ్ తాగుతూ, అరుగు మీద ప్రభువు దినాన్ని నిష్ఠగా ఆచరించాడు.

పాస్టరయ్య కూర మారు వడ్డించుకున్నాడు. "ఆదివారాన్ని నీ లెక్క పాటించేటోడు మన సంఘంల లేడు నర్సప్పా," అని మెచ్చుకున్నాడు. చేయి కడుక్కుని బస్వమ్మను పిలిచాడు.

"పది ఆజ్ఞలు చెప్పమ్మా."

తడుముకోకుండా చెప్పింది. నాలుగోదైన విశ్రాంతి దినం ఆజ్ఞ దగ్గర నర్సప్పకు దగ్గొచ్చింది. కీర్తన చెప్పమంటే అదీ చెప్పింది. చదువు రాదు. మొగుడు అరుగు మీద బిగ్గరగా చదువుతుంటే అంట్లు తోముతూ విని నేర్చుకున్నవే అన్నీ.

పాస్టరయ్య కళ్లు చెమర్చాయి.

"ఇంత విశ్వాసం నేనైతే యాడ సూడలె. ఏం తక్కువైందని ఆపుతున్నవ్ నర్సప్పా?"

"జర ఇటు రాండ్రి అయ్యగారూ," అంటూ నర్సప్ప ఆయన్ను బర్రెల కొట్టం వైపు తీసుకుపోయాడు.

బస్వమ్మ గోడ పట్టుకుని నిలబడింది. లోపల వాళ్లు ఏం మాట్లాడుకున్నారో వినబడలేదు. తిరిగొచ్చిన పాస్టరయ్య ఆమె ముఖం చూడలేదు.

"వచ్చే ఈస్టరుకు సూద్దాం తల్లీ. జర పక్వం కానియ్యి," అంటూ చెప్పులేసుకుని వెళ్లిపోయాడు.

బస్వమ్మకు దుఃఖం ఆగలేదు. మొగుడి కాళ్ల దగ్గర కూలబడింది.

"ఇంక నాల ఏం తప్పున్నదో చెప్పయ్యా. అది గూడ ఇడుస్త."

నర్సప్ప జాలిగా ఆమె తల నిమిరాడు.

"నీల తప్పేం లేదే పిచ్చిదానా, నువ్వు గూడ విశ్వాసివైతే ఆదివారం నాడు నీతోని పాలు పిండిపిచ్చి, అన్నం వండిపిచ్చిన పాపం నాకు తగలదా?"