గడియ బయటివైపున్న కిటికీ

ఆదిశేషమ్మకు ఒళ్లు మండిపోతోంది. మొగుడు పద్మనాభయ్య గూడూరులో ఎవరో కూల్చిన ఇంటి కిటికీ కొనుక్కొచ్చాడు. టేకు చూసి మురిశాడే గానీ గడియ చూసుకోలేదు. ఎండకూ వానకూ చివికిన వైపున ఉందది. అంటే ఆ గదిని బయటినుంచి మూసేవాళ్లన్నమాట.

"ఎవురిల్లు, ఎందుకు కూల్చినారు? పాత సామాను కొనేవోళ్లు మొదట అడిగే మాట గదా. అడిగినావా?"

"తిప్పి బిగిస్తే పోలా" అన్నాడు పద్మనాభయ్య. అలాగే బిగించి, గడియ లోపలికొచ్చిందని, ఆ పాత గది వైపు బయటికి తిరిగిందని చూపించాడు. ఆమె తిట్లు పడలేక రాత్రి చాప తీసుకుని అరుగు మీదికి పోయాడు.

లాంతరు ఆర్పాక సముద్రపు హోరు ఒక్కటే మిగిలింది. అంతలో ఎవరో కిటికీ తట్టారు.

"ఆడనే పడుండు. ఎవురిల్లో కనుక్కున్నాకనే లోపలికి రా" అంది ఆమె, పడుకున్నచోటి నుంచే.

మళ్లీ తట్టారు. మెల్లిగా, ఓపిగ్గా. ఆ ఓపిక్కి ఆమెకు ఇంకా మండింది. విసురుగా లేచి గడియ లాగింది.

"ఎవుర్ని తిడతన్నావమ్మే?" వెనకనుంచి పద్మనాభయ్య నిద్రమత్తు గొంతు వినిపించింది. చలిగాలికి ఎప్పుడో దొడ్డిదోవన వచ్చి వంటింట్లో పడుకున్నాడు.

ఆదిశేషమ్మ రెండు చేతులా కిటికీ రెక్కను నెట్టిపట్టింది. అవతలినుంచీ నెడుతున్నారు, అంతే ఓపిగ్గా.