ముందు గోడ

"గోడలు తర్వాత పగలగొట్టొచ్చు చీఫ్. పైన మనిషి ఉంది," అన్నాడు రూయీ.

"తెలుసు. ముందు గోడే," అంది మాడ్లిన్.

రూయీ పళ్లు నూరాడు. అతను ఈ ఫైర్ స్టేషన్‌కి వచ్చి మూడు వారాలే. అంతకు ముందు పనిచేసిన చోట అన్నీ ఇటుక భవనాలు. ఇక్కడ కొండ వీధి పొడవునా నూట ఇరవై ఏళ్ల నాటి చెక్క ఇళ్లు, మిల్లుల యజమానులు కట్టుకున్నవి. ఇప్పుడు ఒక్కో దాంట్లో అయిదారు వాటాలు, అయిదారు అద్దె కుటుంబాలు.

ఉదయం పదకొండు. వీధిలో మోకాలి లోతు మంచు. మంటలు ఓ ఇంటి నేలమాళిగలో బాయిలర్ దగ్గర మొదలయ్యాయి. పొగ మాత్రం అటక కిటికీల్లోంచి వస్తోంది. మధ్య అంతస్తుల్లో ఏమీ లేనట్టే ఉంది. పై అంతస్తు వెనక గదిలో ఓ అమ్మాయి చిక్కుకుపోయిందని కింది వాటా వాళ్లు చెప్పారు.

వచ్చిన దగ్గర్నుంచీ అన్నీ అడ్డంకులే. వీధి మూల నీటి కుళాయి గడ్డకట్టుకుపోయింది. రెండో కుళాయి మంచు కింద ఎక్కడుందో వెతకడానికే నాలుగు నిమిషాలు పట్టింది. వెనక వైపు నిచ్చెన వేద్దామంటే కరెంటు తీగలు. కరెంటు వాళ్లు వస్తున్నాం వస్తున్నాం అంటున్నారు.

"మెట్లు బాగానే ఉన్నాయి. ఒక్క పరుగులో వెళ్లి తీసుకొచ్చేస్తా," అన్నాడు రూయీ.

"ఈ ఇళ్ల గోడలు లోపల డొల్ల. కింది నుంచి అటక దాకా ఒకటే గొట్టం. మంట నీ పక్కనుంచే పైకి పోతుంది, నీకు కనపడదు. నువ్వు పైకెక్కాక నీ వెనక మెట్లు ఉండవు. అప్పుడు ఇద్దర్ని మొయ్యాలి." ఆమె గొంతు పెరగలేదు. "రెండో అంతస్తు, వెనక మెట్ల పక్కన. బట్టల అలమర వెనక కొట్టండి."

రూయీ, అతని జట్టులోని డోయల్ గొడ్డళ్లు తీసుకుని వెళ్లారు. అలమర లాగి కన్నం పెట్టారు. సున్నం పెళ్లలు, బూజు. మంట లేదు.

"ఏమీ లేదు చీఫ్," అన్నాడు రూయీ రేడియోలో. "మనం మంటలార్పడానికొచ్చామా, మేస్త్రీ పనికొచ్చామా?"

"ఎడమకి రెండడుగులు."

"ఆ పిల్ల ఈపాటికి..."

"గది తలుపు మూసుంటుంది. ఇంకొంచెం టైముంది. కొట్టు."

"మూసుంటుందని మీకెవరు చెప్పారు?"

"కొట్టు," అంది రేడియో మళ్లీ.

రూయీ తిట్టుకుంటూ కొట్టాడు. మూడో దెబ్బకి గోడ లోపల్నుంచి మంట బుస్సుమని మొహమ్మీదికొచ్చింది. అతను వెనక్కి పడ్డాడు. డోయల్ నీళ్ల గొట్టం ఆ కన్నంలోకి దూర్చాడు. గోడ లోపలంతా సలసలమంది. పైన కప్పు మీద మరో జట్టు కన్నం కోసింది. అటకలో పొగ అటునుంచి వెళ్లిపోయింది.

"ఇప్పుడు వెళ్లండి," అంది మాడ్లిన్.

పైకెక్కుతుంటే రూయీ మెట్ల పక్క చెక్క మీద చెయ్యి వేశాడు. బొగ్గై పొడిపొడిగా రాలింది.

వెనక గది తలుపు మూసే ఉంది. లోపల పొగ పల్చగా ఉంది. కిటికీ కింద ఓ పాతికేళ్ల అమ్మాయి బోర్లా పడి ఉంది. రాత్రి డ్యూటీ నర్సు బట్టలు కుర్చీ మీద వేలాడుతున్నాయి. ఇద్దరూ ఆమెను చెరో వైపూ పట్టుకుని దించారు.

మంచులో పడుకోబెట్టి ఆక్సిజన్ పెట్టారు. కాసేపటికి దగ్గింది. మళ్లీ దగ్గింది.

రూయీ ఊపిరి పీల్చుకున్నాడు. అయినా కోపం చల్లారలేదు. చీఫ్ దగ్గరికి నడిచాడు.

"మీరు చెప్పిందే సరైంది, ఒప్పుకుంటా. కానీ ఆ పదకొండు నిమిషాలూ వాచీ చూసుకుంటూ అలా ఎలా నిలబడ్డారు? నా వల్ల కాదు."

మాడ్లిన్ చేతి తొడుగులు తీసి జేబులో పెట్టుకుంది.

స్ట్రెచర్ ఎక్కించాక అంబులెన్స్ అతను తల బయటికి పెట్టి, "ఈ అమ్మాయి తాలూకు వాళ్లెవరైనా ఉన్నారా? ఒకరు ఎక్కొచ్చు," అని కేకేశాడు.

మాడ్లిన్ తన రేడియో రూయీ చేతిలో పెట్టి, "నేను వాళ్లమ్మని," అంటూ అంబులెన్స్ ఎక్కింది.