క్రేరీ కొట్టు చెంచాలు

“అదిలా ఇవ్వండి అమ్మగారూ” అంటూ ఆసహెల్ ట్రిప్, కెప్టెన్ ఆల్మీ భార్య చేతిలోని వెండి చెంచాను లాక్కున్నంత పని చేశాడు.

లెమ్యూల్ క్రేరీ కొట్టులో బేరాలు ఆగిపోయాయి. ఆసహెల్ వెనకే పరుగున వచ్చిన అతని భార్య డోర్కస్ గుమ్మంలోనే నిలబడిపోయింది. తమ కొట్టుకి ఎదురుగానే ఉన్న ఈ కొట్టు గడప ఏనాడూ తొక్కనివాడు, ఇవాళ చేతిలో ఆకురాయితో వచ్చాడు.

“నా కొట్లో నీకేం పని ట్రిప్?” అన్నాడు క్రేరీ.

“నీ అద్దాల వెనకాల ఏముందో చూద్దామని.”

ఒకప్పుడు న్యూపోర్ట్‌లో వెండి సామాను కావాలంటే జనం స్పానిష్ డాలర్లో, పాత గిన్నెలో తెచ్చి ఆసహెల్ ముందు పోసేవాళ్లు. కరిగించి, సాగగొట్టి, చెప్పిన రోజుకి ఇచ్చేవాడు. క్రేరీ వచ్చి వీధివైపు పెద్ద పెద్ద అద్దాలు బిగించి, తయారుగా ఉన్న సరుకు పేర్చిపెట్టాడు. నచ్చింది తీసుకుని అప్పటికప్పుడే ఇంటికి పోవచ్చు. దాంతో చర్చిలో పలకరించే వాళ్లు కూడా ఆసహెల్ గుమ్మం తప్పించుకు నడవసాగారు. బేరాల్లేకపోయినా ఆ ఎండాకాలమంతా అతని కొలిమి ఆరలేదు. ఏం చేస్తున్నారని డోర్కస్ అడిగితే, “చెయ్యి మొద్దుబారకుండా” అనేవాడు.

“చూడు, బాగా చూడు. చూసి నేర్చుకో” నవ్వాడు క్రేరీ. “ఇంత నాజూకు పని ఆ ముసలి చేతులకెక్కడిది?”

“నిజమే ట్రిప్” అంది కెప్టెన్ భార్య. “నువ్వు చేసిచ్చిన వాటికన్నా ఇవే ముచ్చటగా ఉన్నాయి.”

ఆసహెల్ దవడలు బిగుసుకున్నాయి. చేతిలోని చెంచా పక్కన పెట్టేసి, పళ్లెంలోని చెంచాలను వేలితో కెలికి ఒకటి తీశాడు. కాడ మీద ఆకురాయితో బలంగా గీశాడు. వెండి కింద ఎర్రటి రాగి బయటపడింది. ఇంకొకటి ఏరాడు. అదీ అంతే.

“అయితే నేనిక్కడ కొని ఇంట్లో పెట్టుకున్నవో?” అంది కెప్టెన్ భార్య.

క్రేరీ మొహంలో నెత్తురు చుక్క లేదు. “నేను చేసినవి కాదమ్మా. ప్రావిడెన్స్ నుంచి వచ్చే బేరగాడి దగ్గర కొన్నాను. అచ్చమైన వెండి అని ఒట్టేసి చెప్పాడు.”

“వీటి మీద కొట్టిన పేరెవరిది?” అడిగాడు ఆసహెల్.

“నాదే. కొట్టు నాది కాబట్టి ముద్ర వేశాను.”

“పేరు వేసుకున్నాక మోసమూ నీదే.”

చీకటి పడకముందే ఆ అద్దాలు రాళ్లదెబ్బలకు పగిలిపోయాయి. ఆ వారంలోనే క్రేరీ కొట్టుకు చెక్కలు కొట్టేసి, పెట్టెలు బండికెక్కించాడు. అతని భార్య చంటిబిడ్డను శాలువాలో చుట్టుకుని డోర్కస్ ముందుకొచ్చి ఆగింది.

“మా ఆయన దొంగ కాదమ్మా” అంది.

“ఊరంతా కళ్లారా చూసింది” అని డోర్కస్ మొహం తిప్పుకుంది.

ఆ సాయంత్రం కెప్టెన్ భార్య స్వయంగా వచ్చి, టీ కెటిల్ చేసిపెట్టమని డాలర్ల మూట ఆసహెల్ బల్ల మీద పెట్టి వెళ్లింది. డోర్కస్‌కి మొగుణ్ణి చూస్తే గర్వంగా అనిపించింది. వేడివేడి చేపల పులుసు వడ్డించి ఎదురుగా కూర్చుంది.

“ఒకటడుగుతాను. అన్ని చెంచాలున్నాయి కదా, పైకి అన్నీ ఒకేలా మెరుస్తున్నాయి. గీసి చూడకుండానే రాగివే ఎలా ఏరారు?”

ఆసహెల్ రొట్టె తుంచి పులుసులో ముంచాడు.

“అవి చేసినవాణ్ణి, నాకు తెలీదా?”