మైకు ముందు వదిన

కొండ మీదికి ఇంకా ఐదు మలుపులున్నాయి. పోస్టుమాన్ కాళ్లు మాత్రం అప్పుడే మొరాయించాయి.

ముప్ఫైమంది బయల్దేరారు. ఊరి ఆసుపత్రికి డయాలసిస్ మిషను కావాలి. దాని చందాల కోసం తొమ్మిది రోజులుగా సైకిళ్లేసుకుని కొండలు పట్టుకు తిరుగుతున్నారు. ఒక్కొక్కరి వీపు మీద ఒక గుడ్డముక్క. ఎవరి కోసం తొక్కుతున్నారో దాని మీద రాసి ఉంటుంది. పోస్టుమాన్ వీపు మీద 'మా అన్నయ్య కోసం' అని ఉంది.

మిగతా ఇరవై తొమ్మిదిమంది ఎప్పుడో పైకి చేరిపోయారు. అతని వెనకాల వ్యాను నత్తలా పాకుతోంది. చతికిలబడ్డవాళ్లను ఎక్కించుకోవడమే దాని పని.

"ఎక్కవయ్యా మహానుభావా! నీ వెనక ఫస్టు గేరులో పాకలేక నా ఇంజను ఏడుస్తోంది," డ్రైవరు తల బయటపెట్టి అరిచాడు.

"ఏడవనీ. నేనెక్కను."

"ఎక్కితే ఎవరేమంటారు? కుర్రాడివా ఏమన్నా!"

"పైన మా వదిన ఉంది."

డ్రైవరుకు అర్థం కాలేదు. అర్థమయ్యేలా చెప్పడానికి పోస్టుమాన్‌కు ఊపిరి లేదు.

ఆ యాత్రకో ఆనవాయితీ ఉంది. పైకి చేరినవాడు ఎవరి పేరు వీపున మోసుకొచ్చాడో, వాళ్ల ఇంటి మనిషి మైకు ముందుకొచ్చి రెండు మాటలు చెప్పాలి. వ్యాను ఎక్కి వచ్చినవాళ్లకు ఆ మర్యాద లేదు.

వదిన అతనితో మాట్లాడి మూడేళ్లయింది. పక్కపక్క వాటాల్లోనే కాపురం, ఇద్దరికీ ఒకటే కుళాయి. బిందె నిండేదాకా గోడకేసి చూస్తూ నిలబడుతుందే తప్ప పెదవి విప్పదు. ఒకప్పుడు అన్నం కలిపి పెట్టి, చొక్కాలకు గుండీలు కుట్టి, కన్నకొడుకులా చూసుకున్న మనిషి. మొగుడు పోయిన దుఃఖంలే, అదే తగ్గుతుందిలే అన్నారు చుట్టుపక్కలవాళ్లు. అతనూ ఔనన్నాడు. తగ్గలేదు. అందుకే ఈ యాత్రలో చేరి, దాని కరపత్రం ఆమె గుమ్మంలో పెట్టి వచ్చాడు. వస్తానని నిన్ననే కబురంపింది.

పొద్దున బయల్దేరేముందు డాక్టరమ్మ అతన్ని పరీక్ష చేసి నవ్వింది. "లోపలి సామానంతా కొత్త బండిలా ఉందయ్యా నీకు. నూరేళ్లు తొక్కుతావు పో!"

అతనికి నవ్వు రాలేదు.

ఇంకా రెండు మలుపులుండగా చక్రం కంకరలో జారింది. బోర్లా పడ్డాడు. మోకాలు చెక్కుకుపోయి నెత్తురు పాదం దాకా కారింది. డ్రైవరు ఈసారి వెక్కిరించలేదు. పరుగున దిగొచ్చి సైకిలు లేపి పట్టుకున్నాడు.

"అన్నంటే అంత ప్రాణమా నీకు?"

పోస్టుమాన్ పెడలు మీద కాలేశాడు.

కొండ మీద ఒకటే చప్పట్లు. ఆఖరివాడు కదా, అందరూ లేచి నిలబడ్డారు. డాక్టరమ్మ కొంగుతో కళ్లొత్తుకుంది. "తమ్ముడంటే ఇలా ఉండాలి!" అంటూ యాత్ర పెద్దాయన మైకు తీసి వదిన చేతికిచ్చాడు.

ఆమె అతనికేసి చూసింది. మూడేళ్లలో అదే మొదటిసారి. 'తిట్టినా సరే, మాట్లాడితే చాలు' అనుకున్నాడు.

వదిన గొంతు వణకలేదు.

"కొండ భలే ఎక్కావు మరిదీ, మీ అన్నయ్యకు సరిపోయేది నీ కిడ్నీ ఒక్కటేనని ఆ రోజు నీ కాళ్లు పట్టుకుంటే, ఒకటి తీసేశాక ఇక సైకిలు తొక్కలేను వదినా అని తలుపేసుకున్నావు."