లాక్ పడిన లాప్‌టాప్

"మీ పెద్దాయన మళ్ళీ లైన్లోకి వచ్చాడు," అన్నాడు పక్క సీటతను, నవ్వాపుకుంటూ.

ఆమె హెడ్‌సెట్ సర్దుకుంది. పొద్దుట్నుంచీ తల వాచిపోతోంది. కంపెనీ లాప్‌టాప్‌లు మొరాయిస్తే ఫోనెత్తే హెల్ప్‌డెస్క్ అది. పాస్‌వర్డ్ మరిచిపోయినవాళ్ళు, కీబోర్డు మీద కాఫీ ఒలకబోసుకుని "దానంతటదే పోయిందండీ" అనేవాళ్ళు, అందరి సణుగుడూ అక్కడికే చేరుతుంది. ఆ సీట్లో కూర్చున్నవాళ్ళకి కోపం రాకూడదు. అవతలివాళ్ళు పెట్టేదాకా ఫోన్ పెట్టకూడదు. అది రూలు.

"నమస్కారమండీ, చెప్పండి."

"అదేనమ్మా, లాప్‌టాప్. ఇంకా తెరుచుకోలేదు."

పెద్దాయన సెకండ్‌హ్యాండ్ షాపులో కొన్నాడు దాన్ని. ఒకప్పుడు ఈ కంపెనీదే. పాతబడ్డాక అమ్మేశారు గానీ, అందులో వేసిన సెక్యూరిటీ లాక్ తీయడం మరిచిపోయారు. ఆన్ చేస్తే కంపెనీ పేరూ, 'ఇది మా లాప్‌టాప్, ఈ నంబరుకి ఫోన్ చేయండి' అన్న ముక్కా తప్ప ఇంకేమీ రాదు.

మొదటిసారి ఆయన ఫోన్ పక్క సీటతనికి తగిలింది. "నీ హడావుడి నాకు అర్థం కావట్లేదు బాబూ, అక్కడ ఆడపిల్లలెవరైనా ఉంటే ఇవ్వు," అన్నాడట. ఆ సెక్షన్లో ఆడపిల్ల ఆమె ఒక్కతే. ఫిర్యాదు ఎవరు రాసుకుంటే వాళ్ళే తేల్చాలి. అలా ఆయన ఆమె మెడకు చుట్టుకున్నాడు.

"మీ బిల్లు స్టోర్స్ వాళ్ళకి పంపానండీ. అమ్మిన మాట నిజమేనని వాళ్ళు ఒప్పుకుంటేనే లాక్ తీయగలం."

"తొందరేం లేదమ్మా, నిదానంగానే కానీ. భోంచేశావా?"

"అయిందండీ భోజనం." పక్క సీటతను కిసుక్కున నవ్వాడు. ఆమె గొంతు మారలేదు. "ఇంకేమైనా సహాయం కావాలా?"

అటునుంచి ఊపిరి వినిపించింది. కుర్చీ కిర్రుమంది. ఆయన పెట్టడు. ఆమె పెట్టకూడదు. చాలాసేపటికి "సరే మరి," అన్నాడు.

టీమ్ లీడర్ వచ్చి ఆమె టేబుల్ మీద చెయ్యి ఆనించాడు. "కొన్న చోటే తేల్చుకోమని చెప్పి ఆ కేసు మూసెయ్. నీ టైమంతా ఆయనే తినేస్తున్నాడు."

మూసెయ్యొచ్చు. కానీ మూసేసినా మళ్ళీ చేస్తాడు. పట్టిన పట్టు విడిచే మనిషి కాదని ఆమెకి తెలుసు. ఆ లాక్ తీయిస్తే తప్ప ఈ పోరు వదలదు. అందుకే స్టోర్స్ సెక్షన్ చుట్టూ కాళ్ళరిగేలా తిరిగింది. ఒకాయన సెలవు. ఒకాయన మీటింగు. "అమ్మేసిన సరుకుతో మాకేం పని?" అని ఇంకొకాయన. విసుగొచ్చింది, ఏడుపొచ్చింది. ఒకనాడు క్యాంటీన్లో టీ ముందు పెట్టుకుని, అది చల్లారి తొరక కట్టేదాకా అలాగే కూర్చుండిపోయింది.

"అసలు ఎవరి కోసం కొన్నారండీ?" అని ఆ మధ్యాహ్నం ఆయన్ని అడిగేసింది. అడగాల్సింది కాదు.

"మా అమ్మాయికమ్మా. చదువుకునే రోజుల్లో కావాలని ప్రాణం తీసింది. నోటికొచ్చినట్టు తిట్టాను తప్ప కొనలేదు."

ఆమె మైకు మ్యూట్‌లో పెట్టి, సీసాలో ఉన్న నీళ్ళన్నీ తాగేసింది.

చివరికి స్టోర్స్ వాళ్ళు దారికొచ్చారు. ఈసారి ఆమే ఫోన్ చేసింది. కోడ్‌లో ఒక్కో అంకే చెప్పింది. ఆయన ఒక్కోటీ పైకి అనుకుంటూ కొట్టాడు.

"తెరుచుకుందా అండీ?"

"తెరుచుకుందమ్మా. ఏదో కొండల బొమ్మ వచ్చింది."

ఆ గొంతులో సంతోషం ఏ కోశానా లేదు.

"ఇంకెప్పుడైనా కొంటే, ముందు షాపులోనే ఆన్ చేసి చూసుకోండి."

"చూసే కొన్నానమ్మా. ఇది తెరుచుకోదు, వేరేది తీసుకోమని షాపతను మొత్తుకున్నాడు. తెర మీద మీ ఆఫీసు పేరూ, నంబరూ ఉన్నాయి కదా. నాకిదే కావాలన్నాను."

ఆమె హెడ్‌సెట్‌ని చెవికి అదుముకుంది. తర్వాత అలవాటు కొద్దీ అడిగింది.

"ఇంకేమైనా సహాయం కావాలా అండీ?"

"ఇంకేముందమ్మా, పనైపోయింది కదా. ఇక నేను ఫోన్ చెయ్యడానికి..." ఆగిపోయాడు. ఫోన్ మాత్రం పెట్టలేదు.

గాజు గదిలోంచి టీమ్ లీడర్ గడియారం చూపిస్తున్నాడు. ఆమె అటు చూడకుండా బ్యాగులోంచి తన సొంత ఫోన్ తీసింది.

"ఇక ఈ నంబరుకి చెయ్యకు నాన్నా, నా ఫోన్లో నీ నంబరు మీద పెట్టిన బ్లాక్ తీసేస్తున్నాను."