గ్యాసు లైటుకి ఆఖరి పరీక్ష

“గోడ వెనక్కి వెళ్లు వదినా. ఇంకాస్త కొట్టి చూస్తాను,” అన్నాడు మరిది, గ్యాసు లైటు ట్యాంకును మోకాళ్ల మధ్య బిగించుకుని.

వదిన వెళ్లలేదు. పెరటి గుమ్మం పట్టుకుని నిలబడింది. పంపు దిగిన ప్రతిసారీ ఆమె గుండె ఝల్లుమంటోంది.

ఆ ఇంట్లో గ్యాసు లైటంటే ఎందుకంత భయమో వీధి మొత్తానికీ తెలుసు. ముందు గదిలో లైట్ల దుకాణం నడిపిన పెద్దకొడుకు, అంటే ఆమె భర్త, ఇలాంటి లైటే వెలిగిస్తుంటే పేలి చనిపోయాడు. ఆయనది మొరటు చెయ్యి, పంపు మరీ కొట్టేశాడు, ఒత్తిడికి ట్యాంకు పగిలిపోయిందని వదినే చెప్పింది. అందరూ నమ్మారు. అత్తగారైతే చచ్చిపోయిన కొడుకు చేతుల్ని కూడా తిట్టిపోసింది.

అన్న పోయాక తమ్ముడు కార్ఖానాలో లేతు పని మానేసి దుకాణం తెరిచాడు. తెరిచినవాడు పాత లైట్లు బాగుచేసి అద్దెకిచ్చుకుంటే గొడవే లేదు. లైటునే మార్చేస్తానని కూర్చున్నాడు. నిజానికి అందులో పెద్ద విద్యేమీ లేదు. పంపుతో ఎక్కించిన గాలి కిరసనాయిల్ని పైకి నెడుతుంది. అది వేడి గొట్టంలో ఆవిరై మాంటిల్ అనే వల గుడ్డలో తెల్లగా మండుతుంది. ఆ మంట వెనక్కి తిరిగి ట్యాంకులోకి దిగిందంటే మాత్రం పక్కనున్న మనిషి దక్కడు.

అందుకని ట్యాంకుకి మందపాటి ఇత్తడి రేకు వేశాడు. మంట వెనక్కి రాకుండా గొట్టంలో సన్నటి రాగి జల్లెడ పెట్టాడు. ఒత్తిడి మించితే తనంతట తాను తెరుచుకునే మూత బిగించాడు. చేసిన ప్రతిదాన్నీ ఇసుక బస్తాల మధ్య పెట్టి పరీక్షించాడు. ఒక్కోసారి పెరటి తలుపు గడియ పెట్టుకుని మరీ చేసేవాడు. పెరటి గోడ నల్లబడిపోయింది. ఆ రోజుల్లో వదినకి ముద్ద దిగేది కాదు.

“ఒకడు పోయింది చాలలేదా? వాడి వెనకే నువ్వూ పోతావా?” అని అత్తగారు రోజూ తగులుకునేది. మరిది నవ్వి ఊరుకుంటే ఆ కోపమంతా కోడలి మీదకి తిరిగేది. పాలు మాడి ఇల్లంతా కంపు కొడుతుంటే పొయ్యి ముందే కూర్చుని చూస్తున్నావు, ముక్కు ఎవరికి తాకట్టు పెట్టావే అని దులిపేసేది. మొగుడున్న రోజుల్లో వచ్చిన జ్వరంతో ముక్కుకి వాసన తెలియడం పోయిందని, మళ్లీ రాలేదని కోడలు ఎంత చెప్పినా ఆవిడ నమ్మలేదు. మాటకి మాట చెప్పడం నేర్చావనేది.

పెరట్లో కొత్త మూత టప్పున తెరుచుకుంది. ఎక్కువైన గాలి బుస్సుమని పోయింది. ట్యాంకు చెక్కుచెదరలేదు.

వదినకి ఊపిరి వచ్చింది. “ఎంత కొట్టినా పేలలేదుగా. మీ అన్నని మింగిన తప్పు సరిదిద్దావు. ఇంక అమ్మకానికి పెట్టెయ్యి.”

“ఇంకొక్క పరీక్ష మిగిలింది.”

“ఇంకేం పరీక్ష?”

మరిది తల ఎత్తకుండా నాజిల్ తుడుస్తూ అన్నాడు. “పాత లైటుకి కూడా ఇలాగే కొట్టి చూశాను వదినా. పంపు విరిగింది గానీ ట్యాంకు పగల్లేదు.”

అన్ని ట్యాంకులూ ఒకేలా ఉంటాయా అని ఆమె ఏదో గొణిగింది. ఉండవులే అని అతను ఒప్పుకున్నాడు, అంతే. ఆ రాత్రి ఆమెకి కంటిమీద కునుకు లేదు.

తెల్లారి ఆమెనే పిలిచి, నూనె నువ్వే పొయ్యాలన్నాడు. భర్త ఉన్నప్పుడు లైట్లలో నూనె పోసే పని ఆమెదే. ఆయన పోయాక గరాటు ముట్టుకోలేదు.

“నా చేత్తో వద్దు. నీకు పుణ్యం ఉంటుంది,” అంది.

“రేపు ఈ లైటు కొనుక్కున్న ఇళ్లల్లో పోసేది నీలాంటివాళ్లే కదా. నువ్వు పోసి, నేను వెలిగిస్తేనే ఇది పనికొచ్చినట్టు.”

దుకాణంలో ఒకేలాంటి డబ్బాలు రెండుండేవి. ఒకటి కిరసనాయిలు, రెండోది మసి పట్టిన సామాను కడిగే పెట్రోలు. మరిది వచ్చీ రాగానే పెట్రోలు డబ్బాకి ఎర్ర రంగు పూసి వేరే మూలకి తోశాడు. ఇప్పుడతను తెచ్చి ముందు పెట్టిన డబ్బాకి ఎర్ర రంగు లేదని వదిన ఒకటికి రెండుసార్లు చూసుకుంది. గరాటు పెట్టి పోసింది. అత్తగారు అప్పటికే గదిలో తలుపేసుకుని చెవులు మూసుకుంది.

వదినని గోడ వెనక్కి పంపి, మరిది లైటుని ఇసుక బస్తాల మధ్య పెట్టాడు. గొట్టం కాగాక పంపు అందుకున్నాడు. భర్త కూడా సరిగ్గా అలాగే వంగి కూర్చున్నాడు ఆ రోజు. ఆమె ఇంక ఆగలేకపోయింది. గోడ దాటి వచ్చేసింది.

“ఆపు నాయనా. ముందు నీకొక మాట చెప్పాలి. మీ అన్న పోయిన రోజు...”

“తర్వాత చెబుదువుగాని. వెళ్లు.”

అతను గొంతు పెంచలేదు గానీ, ఆమె మళ్లీ గోడ వెనక్కి వెళ్లి కళ్లు గట్టిగా మూసుకుంది. మీట తిప్పిన చప్పుడైంది. భగ్గుమంది. ఆమె పై ప్రాణాలు పైనే పోయాయి. కాసేపటికి ఆ భగభగ కాస్తా సన్నటి బుసలోకి దిగింది.

కళ్లు తెరిచేసరికి ఎదురుగా మరిది నిలబడి ఉన్నాడు, నిక్షేపంగా. బస్తాల మధ్య లైటు తెల్లగా, నిలకడగా వెలుగుతోంది. ఆమె చేతులు రెండూ పట్టుకుని, గదిలో ఉన్న అమ్మకి వినపడనంత మెల్లగా అన్నాడు.

“ఈసారి కూడా నువ్వు పోసింది పెట్రోలే, వదినా.”